పెంచమంటారు ఒకరు, తగ్గించమంటారు ఒకరు: మెదడులో నైట్రిక్ ఆక్సైడ్ ఏం చేస్తుంది?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకే వారం రెండు మెసేజ్‌లు పడ్డాయి. మొదటిది: భ్రామరి ప్రాణాయామం చేస్తే నైట్రిక్ ఆక్సైడ్ పదిహేను రెట్లు పెరుగుతుంది, మెదడు పదునెక్కుతుంది. రెండోది ఓ వార్త: ఆటిజం లక్షణాలున్న ఎలుకల మెదడులో నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా ఉందట, దాన్ని తగ్గిస్తే అవి బాగుపడ్డాయట. మూడో అంతస్తు ఆంటీ ఒకే ఒక్క ప్రశ్న వేశారు: "ఇంతకీ పెంచాలా, తగ్గించాలా?" ఇద్దరు బొటనవేలు బొమ్మ పెట్టారు. జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఆంటీ ప్రశ్న న్యాయమైనదే. రెండు మెసేజ్‌ల వెనకా అసలైన పరిశోధనలే ఉన్నాయి. చిక్కల్లా "నైట్రిక్ ఆక్సైడ్" అనే మాటను ఒంట్లో ఒక ట్యాంకులో నిండి ఉండే సరుకులా వాడటంలో ఉంది. అలాంటి ట్యాంకు ఒంట్లో ఎక్కడా లేదు.

ముందు పేర్ల గొడవ

నైట్రిక్ ఆక్సైడ్ అంటే ఒక నైట్రోజన్ పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు. ఒంట్లో కబుర్లు మోసే అణువుల్లో అతి చిన్నవాటిలో ఇదొకటి. ఆపరేషన్ థియేటర్లో మత్తుకిచ్చే నవ్వు పుట్టించే వాయువు ఇది కాదు, అది నైట్రస్ ఆక్సైడ్. ట్రాఫిక్ పొగలో ఊపిరితిత్తులను మండించే గోధుమరంగు వాయువూ కాదు, అది నైట్రోజన్ డయాక్సైడ్. కాకపోతే బండి ఇంజన్లోంచి మొదట ఎక్కువగా బయటికొచ్చేది నైట్రిక్ ఆక్సైడే. గాలి తగిలాక అది డయాక్సైడ్‌గా మారుతుంది. అందుకే 1980ల దాకా దీన్ని కాలుష్యం కిందే జమకట్టారు. ఇది మన కణాలే కావాలని తయారుచేసుకునే వాయువు అంటే నమ్మడం కష్టమైంది.

దీనికి జంట లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది. అందుకే దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలని చూస్తుంది, ఎక్కువసేపు నిలవదు. ఈ స్వభావం గుర్తుపెట్టుకుంటే ముందు ముందు చాలా విషయాలు విడిపోతాయి.

నాలుక కింది మాత్ర నుంచి మెదడు దాకా

మా తాతయ్య చొక్కా జేబులో ఎప్పుడూ ఒక సార్బిట్రేట్ మాత్రల అట్ట ఉండేది. ఛాతీ పట్టేసినట్టు అనిపిస్తే ఒకటి నాలుక కింద పెట్టుకునేవారు. అదీ, దానికన్నా పాతదైన నైట్రోగ్లిజరిన్ మందూ ఒకే కుటుంబం. డైనమైట్ కనిపెట్టిన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కి చివరి రోజుల్లో గుండెజబ్బుకు డాక్టర్లు రాసిచ్చింది ఆ నైట్రోగ్లిజరిన్‌నే. ఈ మందులు నైట్రిక్ ఆక్సైడ్‌ని విడుదల చేస్తాయని, అది ఒక ఎంజైమ్‌ను తట్టిలేపి రక్తనాళాల కండరాన్ని సడలిస్తుందని ఫెరిడ్ మురాద్ 1977లో చూపించారు.

మందు సంగతి సరే, ఒళ్లు తనంతట తాను ఈ వాయువును చేసుకుంటుందని ఎలా తెలిసింది? 1980లో న్యూయార్క్ శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు రక్తనాళం ముక్కలతో పనిచేస్తున్నారు. ఒకే రసాయనం వేస్తే కొన్ని ముక్కలు సడలేవి, కొన్ని బిగిసేవి. తేడా చేతిపనిలో ఉంది: ముక్క కోసేటప్పుడు లోపలి పల్చటి పొర రుద్దుకుని ఊడిపోతే అది సడలదు. అంటే ఆ పొరలోంచి ఏదో కబురు పక్కనున్న కండరానికి వెళ్తోంది. ఆ "ఏదో" నైట్రిక్ ఆక్సైడేనని 1987 నాటికి తేలింది. 1998 నోబెల్ ఫర్చ్‌గాట్, మురాద్, లూయీ ఇగ్నారోలకు వచ్చింది. 1987 కీలక ప్రయోగాలు చేసిన సాల్వడార్ మొంకాడాను వదిలేశారేమిటన్న గొణుగుడు అప్పట్లో గట్టిగానే వినిపించింది.

మెదడు కథ 1988లో మొదలైంది. బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ గార్త్‌వెయిట్ ఎలుక చిన్నమెదడు కణాల మీద గ్లుటమేట్ అనే రసాయనం వేశారు. నాడీకణాలు ఒకదాన్నొకటి ఉత్తేజపరచడానికి ఎక్కువగా వాడుకునేది దీన్నే. ఆ కణాల్లోంచి ఒక పదార్థం బయటికొచ్చింది. దాని లక్షణాలు రక్తనాళాల వాళ్లు పట్టుకున్న దానితో అచ్చంగా కలిశాయి. నాడీకణాలు వాయువుతో మాట్లాడుకుంటాయా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు.

ఇక ఆ వాయువును తయారుచేసే ఎంజైమ్‌ను పట్టుకోవాలి. ఇక్కడే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ నాడీశాస్త్రవేత్త సాలమన్ స్నైడర్, ఆయన విద్యార్థి డేవిడ్ బ్రెడ్ట్ రంగంలోకి దిగారు. సమస్య ఏమిటంటే వాయువు పుట్టీ పుట్టగానే మాయమవుతుంది, కొలిచేదెలా? అర్జినిన్ అనే అమైనో ఆమ్లంలోంచి ఈ వాయువు పుడుతుంది. ఒక్కో వాయు అణువుకు ఒక్కో సిట్రులిన్ అణువు మిగులుతుంది. పెళ్లిలో ఎంతమంది భోంచేశారో తేలనప్పుడు విస్తళ్లు లెక్కపెట్టినట్టు వాళ్లు సిట్రులిన్‌ను లెక్కపెట్టారు. రేడియోధార్మిక గుర్తున్న అర్జినిన్‌ను మెదడు సారంలో కలిపారు. దాన్ని ఒక రెజిన్ గొట్టంలోంచి పోశారు. ధనావేశమున్న అర్జినిన్ రెజిన్‌కు అతుక్కుపోతుంది, సిట్రులిన్ జారి కిందికొస్తుంది. కింద పడిన రేడియోధార్మికత ఎంతో, పుట్టిన వాయువు అంత.

అయినా ఒక పితలాటకం వచ్చిపడింది. ఎంజైమ్‌ను శుద్ధిచేసే కొద్దీ అది చచ్చుబడిపోయేది. శుద్ధిలో పోతున్న తోడు కాల్మాడ్యులిన్ అని వాళ్లు పట్టుకున్నారు. ఇది కణంలో కాల్షియం పెరిగిందని కనిపెట్టే ప్రొటీన్. దాన్ని తిరిగి కలపగానే ఎంజైమ్ లేచి కూర్చుంది. ఈ పని 1990లో అచ్చయింది. మరుసటి ఏడాది ఆ ఎంజైమ్ జన్యువునూ ఇదే బృందం పట్టుకుంది.

ఆ తోడు దొరకడంతో ఈ వాయువుకు స్విచ్ ఎక్కడుందో తెలిసింది. కణంలోకి కాల్షియం వస్తే ఆన్, పోతే ఆఫ్.

ఒక్క కబురు వెళ్లే తీరు

రెండు నాడీకణాలు కలిసే సన్నని సందును సినాప్స్ అంటారు. మామూలు కబురు ఇలా నడుస్తుంది: మొదటి కణం రసాయనాన్ని చిన్న సంచుల్లో నింపి పెట్టుకుంటుంది, సమయానికి సందులోకి వదులుతుంది, రెండో కణం మీదున్న గ్రాహకం దాన్ని అందుకుంటుంది. పేరు, చిరునామా రాసి పంపిన ఉత్తరం లాంటిదన్నమాట.

నైట్రిక్ ఆక్సైడ్‌కు సంచి లేదు, పైపొర మీద గ్రాహకమూ లేదు. గ్లుటమేట్ వచ్చి ఎన్‌ఎమ్‌డీఏ గ్రాహకాన్ని తెరుస్తుంది, కాల్షియం లోపలికి దూకుతుంది. ఆ గ్రాహకం పక్కనే పీఎస్‌డీ-95 అనే ప్రొటీన్ నైట్రిక్ ఆక్సైడ్ ఎంజైమ్‌ను కట్టేసి ఉంచుతుంది, అందుకే కాల్షియం దానికి వెంటనే అందుతుంది. వాయువు అప్పటికప్పుడు పుడుతుంది, పుట్టగానే కణాల గోడలు దాటి నలుదిక్కులా వ్యాపిస్తుంది. ఇంగువ పోపు వాసనకు ప్రహరీ అడ్డురాదు కదా. పక్కింటి కణంలో గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమ్ ఉంటే అది ఈ వాయువును పట్టి సీజీఎంపీ అనే లోపలి సంకేతాన్ని తయారుచేస్తుంది. అది లేని కణానికి, సాధారణంగా, వాసన తగిలినా పట్టదు.

వాసన ఎంత దూరం పోతుంది? దీని మీద పెద్ద పేచీ ఉంది. ఒక లెక్క వేసి చూద్దాం. వ్యాపించే దూరం కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. వాయువు ఒక సెకను బతికితే సుమారు నూరు మైక్రాన్లు, అంటే ఇంచుమించు ఒక తలవెంట్రుక మందం పోతుందనుకోండి. సెకనులో నూరో వంతే బతికితే దూరం నూరో వంతుకు పడిపోదు, పదో వంతు అవుతుంది: పది మైక్రాన్లు. ఎలుక మెదడు పైపొరలో ఘన మైక్రానుకు ఉజ్జాయింపుగా ఒక సినాప్స్ ఉంటుంది. నూరు మైక్రాన్ల వ్యాసార్థం ఉన్న గోళంలో 40 లక్షల పైచిలుకు సినాప్స్‌లు పడతాయి. పది మైక్రాన్ల గోళంలో నాలుగు వేల చిల్లర. అంటే ఆయుష్షు అంచనాలో నూరు రెట్ల తేడా, విన్నవాళ్ల సంఖ్యలో వెయ్యి రెట్ల తేడా అయి కూర్చుంటుంది.

మొదట్లో ఈ వాయువు కొన్ని సెకన్లు బతుకుతుందనుకున్నారు. మెదడు కణజాలంలో అది చాలా త్వరగా ఖర్చైపోతుందని తర్వాతి కొలతలు చెప్పాయి. గాఢత విషయంలోనూ ఇదే తంతు. 2009లో గార్త్‌వెయిట్, కాథరిన్ హాల్ అప్పటిదాకా వచ్చిన అంచనాలన్నీ పక్కపక్కన పెట్టి చూసి, ఒంట్లో సహజంగా ఉండే గాఢత 0.1 నుంచి 5 నానోమోలార్ల (గాఢతకు అతి చిన్న కొలమానం) మధ్య అని తేల్చారు. పాత ప్రయోగాలు ఎన్నో దీనికి వందల వేల రెట్లు పోసి చేసినవి. నైట్రిక్ ఆక్సైడ్ మెదడులో ఫలానాది చేసింది అని ఎక్కడ చదివినా, ఎంత పోస్తే చేసింది అన్నది నేను ముందు చూసేది ఇందుకే.

జ్ఞాపకం దగ్గర వచ్చిన తకరారు

కలిసి పనిచేసిన సినాప్స్ గట్టిపడుతుంది. నేర్చుకోవడానికి ఆధారం ఇదేనని చాలామంది నమ్మకం. గట్టిపడాలంటే కబురు అందుకున్న కణం, పంపిన కణానికి "ముట్టింది" అని వెనక్కి చెప్పాలి కదా? వెనక్కి పోవడానికి వాయువు కంటే తగినది ఏముంది? 1991లో ఎరిన్ షూమన్, డేనియల్ మాడిసన్ నైట్రిక్ ఆక్సైడ్ తయారీని ఆపే మందు వేస్తే ఈ గట్టిపడటం ఆగిందని చూపారు. ఎరిక్ కాండెల్ బృందమూ అదే ఏడాది అదే చెప్పింది. 1992లో సైన్స్ పత్రిక నైట్రిక్ ఆక్సైడ్‌ను ఆ ఏడాది మేటి అణువుగా ప్రకటించింది.

సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. 1993లో నాడీకణాల ఎంజైమ్ జన్యువు తీసేసిన ఎలుకలు పుట్టాయి. వాటిలోనూ సినాప్స్‌లు దాదాపు మామూలుగానే గట్టిపడ్డాయి. సిద్ధాంతం తప్పనుకునేలోపు 1996లో ఆ నాడీ ఎంజైమ్, రక్తనాళాల పొరలో ఇదే వాయువును చేసే మరో ఎంజైమ్, రెండూ లేని ఎలుకల్లో గట్టిపడటం తగ్గిందని వచ్చింది. ఒకటి లేకపోతే ఇంకొకటి పని లాక్కొస్తోందన్నమాట. వెనక్కి కబురు పంపే పదార్థాలు వేరేవీ ఉన్నాయని, గంజాయి పట్టుకునే గ్రాహకాలనే వాడుకునే మన సొంత రసాయనాలు ఆ పని చేస్తాయని 2001లో తేలింది. ఇప్పుడున్న మాట ఏమిటంటే, కొన్ని సినాప్స్‌ల దగ్గర, ముఖ్యంగా చిన్నమెదడులో, నైట్రిక్ ఆక్సైడ్ పాత్ర బలంగా ఉంది. "జ్ఞాపకశక్తి వాయువు" అనేంత కాదు.

పక్షవాతం: ఒకే వాయువు, రెండు రకాల ఎలుకలు

ఆంటీ ప్రశ్నకు అతి దగ్గరగా వచ్చే ప్రయోగాలు ఇవే.

ఈ వాయువును చేసే ఎంజైమ్‌లు మూడు. నాడీకణాల్లో ఒకటి, రక్తనాళాల పొరలో ఒకటి. ఈ రెండూ కాల్షియం చెప్పినట్టు వింటాయి, కొద్దికొద్దిగా చేస్తాయి. మూడోది రక్షణ కణాలది. వాపు, ఇన్ఫెక్షన్ వస్తే తయారవుతుంది, ఒకసారి మొదలైతే కాల్షియంతో పనిలేకుండా గంటలు, రోజుల తరబడి వాయువును పోస్తూనే ఉంటుంది.

మెదడుకు వెళ్లే నాళం మూసుకుపోతే గ్లుటమేట్ అదుపు లేకుండా పొర్లుతుంది, కాల్షియం వరదలా కణాల్లోకి వస్తుంది. నాడీ ఎంజైమ్ విపరీతంగా వాయువును చేస్తుంది. అదే సమయానికి సూపరాక్సైడ్ అనే దుడుకు ఆక్సిజన్ రూపం కూడా పుడుతుంది. రెండూ ఎదురుపడితే క్షణంలో కలిసిపోయి పెరాక్సీనైట్రైట్ అవుతాయి. ప్రొటీన్లను, డీఎన్ఏను పాడుచేసేది ఎక్కువగా ఈ పెరాక్సీనైట్రైటే. మంచి వాయువు ఎక్కడ చెడుగా మారుతుందని అడిగితే నేను వేలు పెట్టి చూపేది ఈ మలుపునే.

1994లో, నాడీ ఎంజైమ్ లేని ఎలుకలకు పక్షవాతం తెప్పిస్తే మెదడు తక్కువ దెబ్బతింది. 1996లో రక్తనాళ ఎంజైమ్ లేని ఎలుకలకు అదే చేస్తే మెదడు ఎక్కువ దెబ్బతింది. వాయువు అదే, జబ్బు అదే. నాడీకణం లోపల పుట్టింది చంపుతోంది, రక్తనాళంలో పుట్టింది రక్తాన్ని పంపి కాపాడుతోంది. మరి పెంచాలా, తగ్గించాలా?

మనుషుల్లో రెండూ ప్రయత్నించారు. పెంచే దారి: నైట్రోగ్లిజరిన్ పట్టీని చర్మానికి అతికించే ఇనాస్ ట్రయల్‌లో 4,011 మంది రోగులున్నారు. 2015లో వచ్చిన ఫలితం: బీపీ తగ్గింది, కోలుకోవడంలో మాత్రం తేడా లేదు. ఆపే దారి: ఎంజైమ్‌ను గ్రాహకం దగ్గర కట్టేసి ఉంచే పీఎస్‌డీ-95 పట్టును విడదీసే నెరినెటైడ్ మందు. అంటే వాయువును మొత్తంగా ఆపకుండా కాల్షియం వరద దగ్గర్నుంచి ఎంజైమ్‌ను జరపడం. ఆలోచన చాలా తెలివైనది. 2020లో 1,105 మంది రోగులతో వచ్చిన ఫలితంలో మొత్తం మీద ప్రయోజనం కనిపించలేదు. గడ్డ కరిగించే మందు తీసుకోని వాళ్లలో మాత్రం మేలు చేసినట్టు కనిపించింది. గడ్డ మందు వల్ల పుట్టే ఎంజైమ్ నెరినెటైడ్‌ను కత్తిరించేస్తుంది కాబట్టి ఆ మాట నమ్మదగ్గదిగానే అనిపించింది. అలాంటి రోగులతోనే తర్వాత చేసిన ట్రయల్‌లో ఆ ఆశా నిలవలేదు. ఎలుక నుంచి మనిషి దాకా వచ్చేసరికి కాలం మారుతుంది: ల్యాబ్‌లో నాళం మూసిన నిమిషం తెలుసు, మనిషి ఆసుపత్రికి చేరేసరికి గంటలు గడిచిపోతాయి.

ఆటిజం వార్తలో ఉన్నదెంత?

గ్రూపులో పడిన వార్త జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త హైతమ్ అమల్ బృందం 2023లో ప్రచురించిన పని గురించి. ఆటిజంతో సంబంధమున్న జన్యువులు మార్చిన రెండు రకాల ఎలుకలు తీసుకున్నారు. వాటి మెదడులో నైట్రిక్ ఆక్సైడ్ గుర్తులు ఎక్కువగా కనిపించాయి. నాడీ ఎంజైమ్‌ను ఆపే మందు ఇస్తే ప్రవర్తన మెరుగైంది. మామూలు ఎలుకలకు వాయువును ఇచ్చే పదార్థం ఎక్కిస్తే ఆటిజం లాంటి లక్షణాలు వచ్చాయి. ఆటిజం ఉన్న పిల్లల రక్తంలోనూ, మనిషి మూలకణాల నుంచి పెంచిన నాడీకణాల్లోనూ అదే ధోరణి చూశారు.

తీసేస్తే తగ్గడం, ఇస్తే రావడం అని రెండువైపులా చూడటం దీని బలం. ఒకవైపే చూసిన పనులతో పోలిస్తే ఇది గట్టిది. అవతలి మాటా వినాలి. ఆటిజంతో ముడిపడిన జన్యువులు వందల్లో ఉన్నాయి, ఇక్కడ చూసింది రెండు. ఎలుక కొత్త ఎలుక దగ్గరికి వెళ్లకపోవడం, పిల్లవాడి ఆటిజం ఒకటి కావు. ఆ వాయువును శాశ్వతంగా తగ్గిస్తే ఏమవుతుందో కూడా కొంత తెలుసు. నాడీ ఎంజైమ్ లేని ఎలుకల పొట్ట ఉబ్బిపోయింది, ఎందుకంటే జీర్ణకోశపు నరాలూ ఈ వాయువునే వాడతాయి. అలాంటి మగ ఎలుకలు ఎదుటిది లొంగిపోయినా కొట్లాట ఆపలేదని 1995లో స్నైడర్ బృందమే భాగస్వామిగా ఉన్న పని చెప్పింది.

ఇక భ్రామరి, బీట్‌రూట్

పదిహేను రెట్ల మాట నిజమే. స్వీడన్ శాస్త్రవేత్తలు ఎడీ వైట్స్‌బర్గ్, జాన్ లండ్‌బర్గ్ 2002లో దాన్ని కొలిచారు. ముక్కు చుట్టూ ఉన్న సైనస్ గదుల్లో ఈ వాయువు ఎప్పటికప్పుడు పుడుతూ ఉంటుంది. నోరు మూసి ఝుంకారం చేస్తే ఆ కంపనానికి గాలి కదిలి వాయువు ముక్కులోకి వస్తుంది. వాళ్లు కొలిచింది ముక్కులోంచి వచ్చే గాలిని. రక్తాన్నీ కాదు, మెదడునీ కాదు.

ముక్కు నుంచి మెదడుకు పోవాలంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి రక్తంలో కలవాలి. రక్తంలో హిమోగ్లోబిన్ ఉంది, నైట్రిక్ ఆక్సైడ్ దానికి తగలగానే నైట్రేట్‌గా మారిపోతుంది. పుట్టగానే ఊపిరితిత్తుల బీపీ ఎక్కువగా ఉన్న పసిపిల్లలకు ఐసీయూలో ఇదే వాయువును పీల్పిస్తారు. ఊపిరితిత్తుల నాళాలు తెరుచుకుంటాయి, మిగతా ఒంటి బీపీ మాత్రం పెద్దగా పడిపోదు. రక్తంలోకి దిగగానే హిమోగ్లోబిన్ దాని పని పట్టేస్తుంది కాబట్టే ఆ వైద్యం క్షేమం. భ్రామరి చేశాక మనసు తేలికపడిందని ఎవరైనా అంటే నేను కాదనను, నిదానంగా వదిలే ఊపిరికి ఆ పాటి గుణం ఉంది. సైనస్ వాయువు మెదడుకెక్కింది అంటే మాత్రం దారి చూపించాలి.

బీట్‌రూట్ దారి వేరు. బీట్‌రూట్, పాలకూర, తోటకూరల్లో నైట్రేట్ ఉంటుంది. అది రక్తంలోంచి లాలాజలంలోకి చేరుతుంది, నాలుక మీది బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అది మింగాక ఆక్సిజన్ తక్కువున్న చోట్ల నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. ఇక్కడ ప్రయాణించేది వాయువు కాదు, నిలకడైన దాని ముడిసరుకు. అందుకే ఈ దారి పనిచేస్తుంది. బీపీ కొద్దిగా తగ్గడం పలు అధ్యయనాల్లో కనిపించింది. పెద్దవాళ్ల మెదడులో కొన్ని భాగాలకు రక్తం ఎక్కువ అందిందని చిన్న అధ్యయనం ఒకటి ఉంది. జ్ఞాపకం పెరిగిందా అన్న ప్రశ్నకు వచ్చిన ఫలితాలు ఒకదానికొకటి పొసగవు.

బయటి నుంచి వచ్చిన నైట్రిక్ ఆక్సైడ్ తలను తాకే సందర్భం ఒకటి మాత్రం ఎవరి సందేహానికీ చోటివ్వదు. డైనమైట్ ఫ్యాక్టరీ పనివాళ్లకు ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగగానే తల పగిలిపోయేది. మిగతా వారమంతా ఒళ్లు అలవాటుపడేది. మైగ్రేన్ ఉన్నవాళ్లకు నైట్రోగ్లిజరిన్ ఎక్కించి తలనొప్పి తెప్పించి, ఆ నొప్పిని అధ్యయనం చేయడం డెన్మార్క్ పరిశోధకులు ఏళ్ల తరబడి చేసిన పని. మా తాతయ్య కూడా సార్బిట్రేట్ పెట్టుకున్న కాసేపటికి గుండె మీది చెయ్యి తీసేసేవారు. తీసి కణతల మీద పెట్టుకుని, "దీనికి పట్టు వదిలింది, దీనికి పట్టుకుంది" అని విసుక్కునేవారు.